డి గారి పది నిమిషాలు

"మళ్ళీ కారణాలు మొదలెట్టావ్!" కుర్చీలోంచి కాగితం ఊపాడు మెకానిక్కు. "బొమ్మలో ఎంతుందో అంతే చెప్పమన్నాడు పరీక్షవాడు. ఎందుకుందని నిన్నడిగాడా?"

సింకు దగ్గర మూకుడు తోముతున్న భార్య నాలిక కరుచుకుంది.

ఆసుపత్రిలో పెద్ద నర్సు ఉద్యోగానికి ఆమెకి అన్ని అర్హతలూ ఉన్నాయి, ఇంగ్లీషు పరీక్ష ఒక్కటే అడ్డం. పోయినసారి బార్ చార్టు ఇచ్చి, చూసింది చూసినట్టు రాయమంటే, ఏ స్తంభం ఎందుకు కుంగిందో జాలిపడి రాసి తప్పింది. ఈసారీ తప్పితే ఆ ఉద్యోగం ఇంకొకరి పాలే. గడువు తొమ్మిది రోజులు. చదువుకుందామంటే తీరికేదీ? అందుకే మెకానిక్కు పెద్దమనసు చేసుకుని, షెడ్డు నుంచి రాగానే కాళ్ళు స్టూలు మీద బార్లా చాపి, ఆమె పని చేసుకుంటుండగానే పాఠం అప్పజెప్పించుకుంటున్నాడు. ఏడో తరగతితో బడికి దండం పెట్టినా, అంకెల దగ్గర తనని మించినవాడు లేడని ఆయన నమ్మకం.

"ఇదిగో, ఇంకోటి." ఆమె చేతులు తుడుచుకుని మరో కాగితం అందించింది. "నలుగురున్న ఇంట్లో ఎవరు రోజుకెంతసేపు ఇంటిపని చేస్తారో చూపించే చార్టు. చూడకుండా చెప్తాను, మీరు సరిచూడండి. ఎ, ఆరు గంటలు, అందరికన్నా ఎత్తు. బి, రెండు. సి, గంటన్నర. డి, పది నిమిషాలు, అన్నిట్లోకీ పొట్టి."

"కరెక్టే!" అని, మెకానిక్కు కాగితాన్ని కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నాడు. "పది నిమిషాలేంటే! ఎవడీ డి? మీ తమ్ముడి బాపతై ఉంటాడు."

"అభిప్రాయాలు చెప్పకూడదండీ."

"పరీక్ష నీకు, నాక్కాదుగా! తిని తొంగునే రకం వీడు. ఇలాంటివాళ్ళే కొంపలకి శని. పాపం, ఆ ఎ చూడు, తాడిచెట్టంత లేచింది. ఆవిడకి ఊపిరాడుతుందంటావా?"

"ఏమో. బొమ్మలో లేదు."

బల్ల తుడుస్తున్న కూతురు కిసుక్కున నవ్వింది. మంచం మీద బట్టలు మడతపెడుతున్న ఆయన తల్లి కూడా పమిట నోటికి అడ్డం పెట్టుకుంది.

"నవ్వుతారేం? డి గాడు రెండు గంటలు నడుం వంచితే అరిగిపోతాడా? ఎ నాలుగ్గంటలకి దిగుతుంది. ఇంతే కదా లెక్క!"

"దిగితే ఆ రెండు గంటలూ ఆవిడ ఏం చేసుకుంటుందంటారు?"

"పడుకుంటుంది, చదువుకుంటుంది, మధ్యలో మనకెందుకు? ముందు వాడి చేతికి అంట్ల పీచు ఇవ్వాలి. ఇల్లెక్కడో తెలిస్తే రేపే వెళ్ళి బాగా గడ్డి పెట్టొస్తా. ఇంతకీ ఎవరిల్లే అది?"

ఆమె కుళాయి కట్టేసి ఆయన వైపు తిరిగింది.

"మనదేనండీ."