మూడో పేజీలో కాపలావాడు

"మీ రాజకుమారి పేరు జలుబు మందులా ఉందమ్మా."

మందుల షాపు కౌంటరు మీద తెరిచి ఉన్న నోటుపుస్తకంలోకి తొంగిచూసి ఆ మాటన్నాడు పెద్దాయన.

షాపావిడకి ఒళ్లు మండింది. మండినా కాదనలేకపోయింది. అది నిజంగా జలుబు మందే.

గిరాకీ లేనప్పుడల్లా ఆవిడ నవలలు రాస్తుంది. ఎగిరే కోటలు, మాట్లాడే కొండలు, ఏడు తలల గుర్రాలు అలవోకగా పుట్టుకొస్తాయి. పేర్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం చెయ్యి ఆగిపోతుంది. అప్పుడు వెనక్కి తిరిగి అరల్లోకి చూస్తుంది. ఏదో ఒక మాత్ర పేరులో ఓ అక్షరం తీసేసి, ఓ దీర్ఘం తగిలిస్తే మాంత్రికుడు తయారు. అలా నలభైమందిని తయారుచేసింది.

మొదటి పుస్తకం ఆ పేర్లతోనే మునిగింది. చదివినవాళ్లే నలుగురు. అందులో ఇద్దరు డాక్టర్లు, వాళ్లకి యుద్ధం ఘట్టంలో కూడా నవ్వు ఆగలేదట.

అందుకే రెండో పుస్తకానికి ప్రచురణకర్త ఫోన్లో ముందే తేల్చేశాడు.

"కథ బంగారం మేడమ్. పేర్లకే నోరు తిరగట్లేదు. సోమవారానికల్లా మార్చి పంపితే అచ్చుకిస్తాను. లేకపోతే వదిలేద్దాం."

ఆ రోజు గురువారం.

ఈ పెద్దాయన రోజూ వచ్చి ఒక్క బీపీ మాత్ర కొనుక్కుపోతాడు. "మొత్తం స్ట్రిప్పు తీసుకోండి" అంటే, "మళ్లీ రేపు బయటికి రావడానికి ఏదో పనుండాలి కదమ్మా" అంటాడు. ఆవిడ మనసులో ఆయన్ని 'ఒంటిమాత్ర' అనుకునేది. ఆవిడ సొంతంగా పెట్టిన పేరంటూ ఉంటే అదొక్కటే.

"అంత తేలికైతే మీరే పెట్టండి బాబాయ్‌గారూ," అంది ఉక్రోషంగా.

"రాజకుమారి ఎలాంటిది?"

"నిప్పుల మీద నడుస్తుంది. ఎవరికీ లొంగదు."

"అది పెద్దయ్యాక. పుట్టినప్పుడు ఎలా ఉండేది?"

ఆవిడ ఎప్పుడూ ఆలోచించలేదు. "వానలో పుట్టిందేమో. గుక్కపట్టి ఏడ్చి ఉంటుంది."

పెద్దాయన కాసేపు కళ్లు మూసుకున్నాడు. తర్వాత షాపు మెట్ల మీదికెళ్లి వీధిలోకి గొంతెత్తి పిలిచాడు.

"జడివేణీ... అమ్మా జడివేణీ..."

ఎదురు కొట్లో దర్జీ మిషను ఆపి తలెత్తాడు. పెద్దాయన తృప్తిగా లోపలికొచ్చాడు.

"రాసుకోండమ్మా. పేరు పెట్టేది పిలుచుకోవడానికి. వీధి చివర ఉన్నా పలకాలి."

ఇక ఆ మూడు రోజులూ షాపు షాపులా లేదు. ప్రతిదానికీ 'ఊఁ' కొట్టే కొండ ఊకొండ అయ్యింది. ఎంత వరమిచ్చినా ఇంకాస్త అడిగే మాంత్రికుడు కొసరయ్య అయ్యాడు. పెద్దాయన మెట్ల మీద నుంచి పిలవడం, దర్జీ బాగుందనో బాలేదనో చెయ్యి ఊపడం. షాపావిడ నవ్వుతూ నవ్వుతూ తలనొప్పని వచ్చినవాడికి దూది ఇచ్చి పంపింది. ఇంత సంతోషంగా పని చేసిన రోజులు ఆవిడకి గుర్తు లేవు.

ఆదివారం సాయంత్రానికి పేర్లన్నీ అయిపోయాయి.

"మూడో పేజీలో కాపలావాడు మిగిలాడు," అన్నాడు పెద్దాయన.

"వాడికెందుకు బాబాయ్‌గారూ? తలుపు తీస్తాడు, బాణం తగిలి పోతాడు. రెండు వాక్యాలు."

ఆ మూడు రోజుల్లో మొదటిసారి పెద్దాయన నవ్వలేదు.

"ఎంతసేపు ఉన్నాడని కాదమ్మా. వచ్చాడా, లేదా?"

"వచ్చాడు."

"వచ్చినవాడికి పేరుండాలి."

రాజకుమారికి రెండు నిమిషాలు పట్టిన మనిషికి కాపలావాడి కోసం గంట పట్టింది. మెట్లెక్కాడు, దిగాడు, ఏవేవో పిలిచి చూసి తల అడ్డంగా ఊపాడు. చివరికి మెల్లగా అన్నాడు.

"వేకువ."

ఆవిడ రాసుకుంది. రాసుకున్నాక, వాణ్ణి చంపడానికి ఆవిడకే మనసొప్పలేదు. చంపింది కానీ మరో పది వాక్యాలు బతకనిచ్చాక చంపింది.

పుస్తకం అచ్చయింది. రెండు నెలల్లో మళ్లీ వెయ్యాల్సొచ్చింది. వీధిలో పిల్లలు "నేను కొసరయ్యని, నువ్వు ఊకొండవి" అని కొట్టుకుంటున్నారు. వచ్చిన ఉత్తరాల్లో సగం వేకువ గురించే. 'అంత మంచివాణ్ణి ఎందుకు చంపారండీ' అని దెబ్బలాట.

షాపావిడ మొదటి కాపీ పెద్దాయన కోసం విడిగా తీసి పెట్టింది. ఆయన మాత్రం కొన్నాళ్లుగా రావడం లేదు. ఎవరినైనా అడుగుదామంటే ఏమని అడగాలి? నలభైమందికి పేర్లు పెట్టించుకుంది గానీ, ఆయన పేరేమిటో ఒక్కసారీ అడగలేదు. తలుచుకుంటే సిగ్గేసింది.

ఒకరోజు దూది కోసం వచ్చిన నర్సమ్మ కౌంటరు మీది పుస్తకం తీసి రెండు పేజీలు తిప్పింది.

"ఈ పేర్లు మీరే పెట్టారా అక్కా?"

"నాకంత తెలివెక్కడిది? రోజూ ఒక్క మాత్ర కొనుక్కునే పెద్దాయన పెట్టాడు. పొట్టిగా ఉంటాడు. ఆ మెట్ల మీద నిలబడి వీధంతా వినబడేలా పిలిచి మరీ పెట్టాడు."

నర్సమ్మ మొహం వెలిగింది. వెంటనే కళ్లు తడిశాయి.

"పోయిన నెల పోయారక్కా. నిద్రలోనే, హాయిగా."

షాపావిడ ఆయన కోసం విడిగా పెట్టిన కాపీ వైపు చూసింది. "అయ్యో. ఒంటరి మనిషి. ఆఖరికి సాగనంపడానికైనా ఎవరన్నా ఉన్నారో లేదో."

"ఆయన మా పిల్లల ఆస్పత్రిలో గుమాస్తాగా చేసి రిటైరయ్యారక్కా," అంది నర్సమ్మ పుస్తకాన్ని గుండెకి హత్తుకుని, "పుట్టగానే గుమ్మంలో వదిలేసి పోయిన పసిబిడ్డలందరికీ పేర్లు పెట్టి రికార్డులో రాసింది ఆయనే, ఆయన పేరు పెట్టినవాళ్లం నాతో కలిపి రెండువందల మందిమి వచ్చి సాగనంపాం."