ఎర్రటోపీకి ముందు రాత్రి

తెల్లారితే ఊరు ఉదెంబా నెత్తిన ఎర్రటోపీ పెట్టి ఇగ్వేను, అంటే తమ రాజును చేస్తుంది. ఆచారం ప్రకారం ఆ ముందు రాత్రి అతను చనిపోయిన రాజుగారి కొలువుగదిలో ఒంటరిగా పడుకోవాలి. రాజుగారికి కొడుకులు లేరు. తమ్ముడి కొడుకు ఉదెంబాకు గద్దె ఏమిటని కొందరు ఇంకా గొణుగుతూనే ఉన్నారు.

"రేపట్నించి నీకు దణ్ణాలు పెట్టాలట. ఈ రాత్రికి మాత్రం ఒరేయ్ అనే పిలుస్తా," అంది అక్క ఉగోయే, కాల్చిన పెండలం ముందుంచుతూ. "పెదనాన్న వచ్చి, నా గద్దెలో నీకేం పనిరా అంటే?"

"పెండలం పెడతాను. నోట్లో ముద్ద ఉంటే తిట్టలేరుగా!"

ఉగోయే నవ్వుతూ బయట గడియ పెట్టి, గుమ్మం దగ్గరే కాపలా కూర్చుంది.

అర్ధరాత్రి ఉక్కకు మెలకువ వచ్చింది. చీకట్లో ఎవరో రాజుగారి తోలు విసనకర్ర విసురుతున్న చప్పుడు. మెడకు చల్లగా గాలి తగిలింది. ఆ గదికి కిటికీ లేదు.

"పెదనాన్నా?"

చప్పుడు ఆగిపోయింది. ఎవరొచ్చినా కోలా కాయ పెట్టకపోతే మర్యాద కాదు. ఉదెంబా మొలలోంచి కాయ తీసి విరిచి, ఒక బద్దను చీకట్లోకి చాచాడు.

"గద్దె నేనడగలేదు పెదనాన్నా, ఊరే ఇచ్చింది. మీరు వద్దంటే పొద్దున్నే మానేస్తాను."

అరచేతిలోంచి బద్దను ఎవరో తీసుకున్నారు. తీరిగ్గా నమిలారు. భయమో, సంతోషమో, ఉదెంబాకు నవ్వాగలేదు.

బయట నుంచి ఉగోయే గొంతు వినిపించింది. "ఒరేయ్, ఒక్కడివేగా ఉన్నది! ఇద్దరు నవ్వుతున్నారేంట్రా?"

ఉదెంబా చాప మీద కాస్త పక్కకు జరిగి, చోటిచ్చాడు.