రాయి పట్టుకో బిడ్డా

"దిగు బిడ్డా, నడిచి పోదాం" అంటూ హనుమంతు పాత రైలు వంతెన మొదట్లోనే సైకిల్ ఆపేశాడు.

"తొమ్మిదింటికి పరీక్ష నాయినా! నడిస్తే తాండూరు ఎప్పుడు చేరాలె?" అంది కూతురు జంగమ్మ, క్యారియర్ మీద కూర్చునే.

"జల్ది నడుద్దాం. దిగు."

పదో తరగతి మొదటి పరీక్ష. పొద్దున బస్సు రాలేదు. పట్టాలు పీకేశాక సైకిళ్ల బాటగా మారిన ఈ వంతెన తప్ప వేరే దగ్గర దారి లేదు. కింద తాటిచెట్టంత లోతున కాగ్న వాగు, బండరాళ్లు. హనుమంతుకేమో ఇంట్లో నిచ్చెన ఎక్కినా కళ్లు తిరుగుతాయి. బిడ్డ చదువు కోసం ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చాడు.

నయం, వంతెనకు రెండు వైపులా నడుమెత్తు నాపరాళ్లు వరసగా నిలబడి ఉన్నాయి. పోయిన వారం ఇవి లేవు. వాటిని చూశాక కాస్త ప్రాణం లేచి వచ్చింది.

"నడిమిట్ల పోకు. రాయి పట్టుకొని నడువు!"

"నాకు నడిమిట్లనే మంచిగున్నది నాయినా."

"చెప్పింది ఇను! నువ్వు పడితే నేను బతుకుతనా?"

సగం దాటారో లేదో గాలి లేచింది. సైకిల్ ఒక పక్కకు ఒరిగింది. హనుమంతు బిడ్డను జబ్బ పట్టి లాగి, ఒక రాయికి వీపు ఆనించి, తాను అడ్డంగా నిలబడ్డాడు.

"గట్టిగ ఆనుకో. కదలకు!"

కళ్లు మూసుకుని తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుకున్నాడు. గాలి తగ్గేదాకా ఇద్దరి బరువూ ఆ రాతి మీదే ఉంది.

అవతలి కొస చేరేసరికి చొక్కా తడిసి ముద్దయింది. అయినా చెయ్యి మీసం మీదికి పోయింది.

"చూసినవా? భయమున్నోడే బతుకుతడు."

అక్కడ ఇసుక జల్లిస్తున్న మేస్త్రీ ఎల్లప్ప, వీళ్లను చూసి జల్లెడ వదిలేశాడు.

"అన్నా, నడిమిట్లకెళ్లే వచ్చిన్రు గద?"

"ఎందుకు, ఏమాయె?"

"గా రాళ్లు ఇంక పాతిపెట్టలే! కొలత చూసెతందుకు ఊకె నిలబెట్టినం. సిమెంటు గిప్పుడే వచ్చె."

హనుమంతు బిడ్డ చెయ్యి గట్టిగా పట్టుకుని వెనక్కి తిరిగి చూశాడు. వరసలో ఒక్క రాయి మాత్రం బయటికి ఒరిగి ఉంది. ఇందాక బిడ్డను ఆనించిన రాయే. దాని మీద ఒక కాకి వచ్చి వాలింది.

ఆ కాకి బరువుకే రాయి వాగులో పడిపోయింది.