చిన్న గాలిపటం

నాగాయలంక రోడ్డు సముద్రంలో కలిసిపోయాక, నర్సు సత్యవేణి పదకొండేళ్లుగా నడుముకు గాలిపటం కట్టుకుని, చెక్కపలక మీద నిలబడి, అది లాగుతుంటే నీళ్లపైనే లంకలకు వెళ్తోంది. ఆ ఉదయం అవతలి లంకలో ఒకామెకు నొప్పులు మొదలయ్యాయని కబురొచ్చింది.

"గాలి జోరుగా ఉందమ్మా, చిన్నది తీసుకో. పెద్దదైతే నిన్ను ఈడ్చుకుపోద్ది," అన్నాడు గాలిపటాల షెడ్డు చూసే ఏసోబు.

"మధ్యాహ్నానికి గాలి తగ్గిపోద్ది బాబాయ్. చిన్నదాంతో తిరిగి రాలేను."

ఆమె రెండింటినీ చూసింది. పెద్దదాన్ని లాగి లాగి కుడిచెయ్యి పైకి లేవడం లేదు. చిన్నదే చంకన పెట్టుకుంది.

"మరెట్టా వస్తావు?"

"రాను. అక్కడే పడుకుంటా."

పదింటికి ఆడపిల్ల పుట్టింది. మధ్యాహ్నానికి గాలి పూర్తిగా పడిపోయింది. ఇంకో లంక నుంచి కబురొచ్చినా వెళ్లే దారి లేదు. బాలింత మంచం పక్కనే చాప పరుచుకుని, సత్యవేణి కంటినిండా నిద్రపోయింది.