ఎవరి వంతూ కాని గుట్ట

గుట్ట తవ్వుతున్న కొత్త మనిషికి గంజి తీసుకుపోతున్న సుక్కమ్మ చేతిలోంచి ముంత లాక్కున్నాడు ఇబ్రహీంపట్నం పెద్ద మల్లేశయ్య.

“ఆగు! మనం గంజి పోస్తే గుట్ట మన నెత్తి మీద పడ్తది.”

“ఆకలిగొన్నోనికి గంజి పోస్తే గుట్టెట్ల పడ్తది పటేలా?”

“గీ రాజకీయం నీకేం దెలుసు? పోయి పొయ్యి సూస్కో.”

ఆ రాజకీయం నిజంగానే గహనమైనది.

పోలీసు చర్య ముగిశాక వచ్చిన తొలి ఎండాకాలమది. నిజాం పాలన పోయింది కనుక ఇకపై తమ మేలు తామే చూసుకోవాలని ఐదు ఊళ్ల పెద్దలు మహాసభ తీర్చారు. గుట్టల వాననీటిని ఐదు చెరువులకూ పంచే కాలువ ఒకటి సంకల్పించారు. భగీరథుడు ఒంటరిగా సాధించినదాన్ని తాము ఉమ్మడిగా సాధించబోతున్నందుకు ముందుగానే పరస్పరం అభినందించుకున్నారు.

నియమం సరళమైనది. ఏ ఊరి పొలిమేరలోని కాలువను ఆ ఊరే తవ్వాలి. ఏ ఊరి పనివాళ్లకు ఆ ఊరే గంజి పోయాలి.

పొలిమేరలన్నీ లెక్కవేస్తే నడుమ ఒక గుట్ట మిగిలింది.

అది ఎవరి వంతూ కాదు. దాని మాట వచ్చినప్పుడల్లా సభ్యులందరికీ ఏకకాలంలో దగ్గు వచ్చేది. అయితే అది తెగకుంటే చెరువుల్లోకి చుక్క దిగదు. ఎండిన మడులకు ఈ ఏటి వానలూ దక్కవు.

“మీరు తవ్వున్రి,” అన్నాడు మల్లేశయ్య.

“మేమెందుకు? మీరే తవ్వున్రి,” అన్నాడు యాచారం పెద్ద వీరస్వామి.

సంప్రదింపులు ఈ మహోన్నత స్థాయిలో సాగుతుండగా, ఒక ఉదయం ఎవరో మనిషి వచ్చి ఆ గుట్టలో గడ్డపార దింపాడు.

యాచారం వంగిందని ఇబ్రహీంపట్నం మురిసింది. ఇబ్రహీంపట్నం దిగివచ్చిందని యాచారం మీసం దువ్వింది. తక్కిన మూడు ఊళ్లూ ఆ రెండింటినీ చూసి నవ్వుకున్నాయి. ఓడినవాణ్ణి అడిగి చిన్నబుచ్చరాదన్న ఔదార్యంతో ఎవరూ ఎవరినీ అడగలేదు.

వీరస్వామి మాత్రం ఒకనాడు ఉండబట్టలేక గుట్టెక్కాడు.

“ఎవల తరఫున తవ్వుతున్నవే?”

“మావోళ్ల తరఫున.”

“మీవోళ్లెవలు?”

అతడు అరచేతులు తడి చేసుకొని మళ్లీ గడ్డపార ఎత్తాడు.

“మల్లేశయ్య మస్తు నేర్పి పంపిండు,” అని గొణుక్కుంటూ వీరస్వామి దిగిపోయాడు.

మధ్యాహ్నాలు ఐదు చోట్ల పొయ్యిలు రాజేవి. ఐదు గుంపులు ఐదు నీడల్లో కూర్చొని తాగేవి.

అతడు గుట్ట మీద ఎండలోనే కూర్చొనేవాడు.

ఒక్కోసారి ఎవరితోనో మాట్లాడుతున్నట్టు అతని పెదవులు కదిలేవి. పక్కన ఎవరూ ఉండేవారు కాదు.

ఎట్టకేలకు గుట్ట తెగింది. మరునాడే తొలకరి కురిసింది. కోతలోంచి ఎర్రనీళ్లు ఉరకడం చూసి ఐదు ఊళ్లూ పరుగెత్తుకొచ్చాయి.

కోత అంచున అతడు గడ్డపార మీద తల వాల్చి కూర్చొని ఉన్నాడు.

“లేవే, నీళ్లొచ్చినయ్ సూడు!” అని వీరస్వామి భుజం తట్టాడు.

ఆ మనిషి పక్కకు ఒరిగాడు. ప్రాణం ఎప్పుడో పోయింది.

నీళ్లతో పాటే ఔదార్యమూ పొంగింది.

“మావోడే,” అని మల్లేశయ్య తలపాగా తీశాడు. “మా ఊరికే తీస్కపోతం. గొప్పగ సాగనంపుతం.”

“గట్లెట్ల తీస్కపోతవ్? మేం పంపిన మనిషి!” అని వీరస్వామి అడ్డొచ్చాడు.

తక్కిన మూడు ఊళ్లకూ అదే క్షణంలో అతడు బంధువయ్యాడు.

“మీవోడైతే పేరు జెప్పు జర,” అన్నాడు వీరస్వామి.

మల్లేశయ్య తీసిన తలపాగాను మళ్లీ చుట్టుకున్నాడు.

“పోనీ, నువ్వు జెప్పు.”

వీరస్వామి వాన వైపు చూశాడు.

సుక్కమ్మ గుంపును తోసుకొని వచ్చి, అతని ముఖాన్ని కొంగుతో తుడిచింది.

“నిన్న మీ కండ్లు గప్పి గంజి తీస్కపోయిన. రెండు గుక్కలు తాగి, తన ఊరేదో జెప్పిండు.”

“ఏ ఊరట?” ఐదుగురు పెద్దలూ ఒక్కసారే అడిగారు.

“ఎవలదీ కాదని మీరన్న గీ గుట్ట మీదనే పోయినేడు రజాకార్లు కాల్చిన ఊరుండె గద పటేలా, అండ్ల మిగిలిన ఒక్కడు తన ఊరి వంతు తవ్విపోయిండు.”