మారేడు పసరు

“ఈ సీసాల ఉన్నది పూస్తే మానుతదా, మానదా? ఒక్క మాట చెప్పు బిడ్డా,” అంటూ రాజమల్లు దర్శన ఇంటి గడపలోనే కూలబడి కుడికాలు ముందుకు చాపాడు.

ముక్కు మూసుకోకుండా ఉండటానికి దర్శన చాలా అవస్థ పడింది. బొటనవేలి పక్కన సీసా మూతంత పుండు. చుట్టూ చర్మం నల్లబడింది. నెల కిందట బిల్డింగు పనిలో మేకు దిగిందట. అసలే షుగరు మనిషి.

“ఈ పసరు ఇంక పరీక్షలనే ఉంది కాకా. మనుషులకు ఇచ్చేది కాదు. దవాఖాన గోలీలు మింగుతున్నవా?”

“మింగుతున్న. మింగితే కడుపుల మంట, తలకాయ తిరుగుడు. అంత ఎత్తుల నిలబడి పనెట్ల జెయ్యాలె?”

“మరి మీ అవ్వకిచ్చినవు గద?” అంది వెనక నిలబడ్డ అతని భార్య పెంటమ్మ.

దర్శన అవ్వ లక్ష్మవ్వ కాలు బాగుపడ్డ సంగతి కామాటిపురలో ఆ గల్లీ మొత్తానికీ తెలుసు. నల్లా దగ్గర ఆడవాళ్ళకు అదే ముచ్చట. తెలిసేలా చేసింది కూడా లక్ష్మవ్వే మరి!

దర్శన ఎమ్మెస్సీ చదువుతోంది. నిమ్మ, వెలగ, మారేడు, కరివేపాకు అన్నీ ఒకే కుటుంబపు మొక్కలు. వాటి ఆకులకు క్రిములను చంపే గుణం ఎంత ఉందో చూడటం ఆమె ప్రాజెక్టు. జెల్లీ పోసిన గాజు పళ్ళెంలో క్రిములను పెంచి, పసరులో ముంచిన కాగితపు బిళ్ళలను అందులో పెడుతుంది. పసరు పనిచేస్తే బిళ్ళ చుట్టూ క్రిములు చచ్చి ఆ మేర తేటగా కనబడుతుంది. నిమ్మ, వెలగ అంతంతమాత్రం. కరివేపాకు చేతులెత్తేసింది. మారేడు బిళ్ళ చుట్టూ మాత్రం పదహారు మిల్లీమీటర్ల మేర ఒక్క క్రిమి మిగల్లేదు.

ఆ సంబరాన్ని కాలేజీలోనే వదిలి రావలసింది. ఇంటికి మోసుకొచ్చింది. రెండు నెలలుగా మడమ మీద పుండుతో మూలుగుతున్న లక్ష్మవ్వ, “నా కాలుకే పెట్టి చూడు,” అని మొండికేసింది. దర్శన కాదనలేకపోయింది. పూలబజారులో మారేడు దళాలు కొనుక్కొచ్చి, పసరు తీసి, పొద్దునా సాయంత్రం పూసేది. రోజూ స్కేలుతో పుండు కొలిచి నోటుబుక్కులో రాసుకునేది. ఆ రోజుల్లో అవ్వకు అన్నం సహించేది కాదు. నొప్పికి అనుకుంది దర్శన.

బడి మొహం చూడని అవ్వ కట్టు కట్టించుకుంటూ రోజూ ఒకటే అడిగేది.

“నీ పరీక్ష మంచిగ నడుస్తున్నదా బిడ్డా?”

“నీ కాలే నా పరీక్ష అవ్వా!” అని నవ్వేది దర్శన.

ఇరవై రెండో రోజుకు పుండు పూడిపోయింది.

ఇప్పుడు ఆ అవ్వే లోపలినుంచి వచ్చి, చీర కుచ్చిళ్ళు ఎత్తి మడమ చూపించింది. “చూడు రాజమల్లూ! దవాఖాన గడప తొక్కలే. ఒక్క గోలీ మింగలే. అంత నా మనుమరాలి పసరే!”

దర్శనకు లోలోపల గర్వంగానే ఉంది. అబద్ధమెందుకు, చాలా గర్వంగా ఉంది. సీసా ఇచ్చేసింది. “గోలీలు మాత్రం బంద్ చెయ్యకు కాకా,” అంది. అన్నది గానీ, గట్టిగా అనలేదు.

వారం తిరిగాక దర్శన అవ్వ కాలి ఫోటోలను ప్రాజక్త మేడంకు చూపించింది. ఆవిడే ప్రాజెక్టుకు గైడు. మెచ్చుకుంటుందనుకుంటే మండిపడింది.

“పళ్ళెం వేరు, మనిషి వేరు! ఒక్క కాలు మానితే అది రుజువా? ఇంకెవరికైనా ఇచ్చావా?”

“లేదు మేడం,” అంది దర్శన.

కాలేజీ నుంచి నేరుగా రాజమల్లు ఒంటిగది ఖోలీకి పరుగెత్తింది. తాళం వేసి ఉంది. ఒళ్ళు కాలిపోతుంటే పొద్దున్నే టాక్సీలో దవాఖానకు తీసుకుపోయారని పక్కింటావిడ చెప్పింది.

వార్డు బయట మెట్ల మీద పెంటమ్మ ఒక్కతే కూచుని ఉంది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయింది.

“మోకాలు కాడికి తీసేసిన్రు,” అంది.

దర్శన ఆమె పక్కనే మెట్టు మీద కూలబడింది.

“నువ్వు సీసా ఇచ్చిన్నాడే గోలీలు ఇడిసిపెట్టిండు. అవ్వకు గోలీ లేకనే మానె, నాకెందుకన్నడు. ఇంక ఏం పని జేస్తడు, ఎట్ల బతుకుతడు? నిన్ను తిడుతలేను బిడ్డా. ఒక్కటే అడుగుత. సదువుకున్నదానివి, చెప్పు. అవ్వకు మానింది గద, ఈయనకెందుకు మానలే?”

ఆ ప్రశ్ననే మోసుకుంటూ దర్శన ఇల్లు చేరింది. తాముండే చాల్ మెట్లు ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు. అవ్వ గుమ్మంలో బియ్యం ఏరుతోంది. ఆ ఒళ్ళో తలపెట్టి భోరుమంది.

“రాజమల్లు కాకా కాలు తీసేసిన్రు అవ్వా! నా వల్లనే!”

లక్ష్మవ్వ చేతిలోని చేట పక్కకు ఒరిగిపోయింది. బియ్యం నేలపాలైనా పట్టించుకోలేదు.

“అదే ఆకు అవ్వా. అదే పసరు. నేనే తీసిన, నేనే పోసిన. నీకు మంచిగనే మానింది గద! ఆయనకెందుకు మానలే? నేనేడ తప్పు జేసిన?”

అవ్వ ఆమె తల నిమరబోయింది. మధ్యలోనే చెయ్యి వెనక్కి తీసుకుంది. గుసగుసగా అంది.

“నువ్వు పరీక్షల ఫేలైతవని, దొంగచాటుగ దవాఖాన గోలీలు మింగిన బిడ్డా.”