ఐదో నిమ్మకాయ

"చక్రాల కింద తొక్కించడానికి నాలుగు చాలు గట్టయ్యా," అన్నాడు లెక్చరర్ ఓబులేసు. మొక్కల సేకరణకు నల్లమల వెళ్లాల్సిన జీపు యూనివర్సిటీ బొటానికల్ గార్డెన్ ముందు సిద్ధంగా ఉంది.

తోటమాలి గట్టయ్య ఐదో నిమ్మకాయ కూడా కోసి అతని చేతిలో పెట్టాడు.

"గిది స్టెప్నీకి సార్. పోయినేడు నాలుగే ఇచ్చిన. తొవ్వల ఎక్కించిన స్టెప్నీయే పేలి డ్రైవర్ కొమురెల్లి పాయె. పొద్దుమీకితే వాడు తార్నాక గేటు కాడ నిలబడి, ‘ఐదోది ఏది మామా?’ అని అడుగుతున్నట్టే అయితది."

స్టెప్నీ పేలిందని అప్పుడు అందరికీ చెప్పింది ఓబులేసే.

అతను ఐదో కాయను తిరిగి గట్టయ్య చేతిలోనే పెట్టాడు.

"ఆ పొద్దు స్టెప్నీ దించనే లేదు గట్టయ్యా. చీకటి పడుతోందని, ఘాట్‌లో కొమురెల్లిని తొందరపెట్టింది నేను."